ఎవరూ చదవని గడి

బాబాయ్,

మీరూ పిన్నీ కులాసాగా ఉన్నారని నిన్న ఫోన్లోనే తెలిసింది కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను.

మీ చెప్పుల సైటు మూసేసేముందు మూడేళ్ళ ఆర్డర్లన్నీ ఎక్సెల్ ఫైలుగా దించి ఇమ్మన్నారు. "గోడకి చెప్పులమ్మినట్టుందమ్మా. ఒక్కళ్ళూ బాగుందనరు, బాలేదనరు. ఇంక నావల్ల కాదు" అన్నారు. దించాను. మొత్తం 412 ఆర్డర్లు. మీ ఫోన్లో పేరు, సైజు, చిరునామా మాత్రమే కనిపిస్తాయి. ఫైల్లో ఇంకో గడి ఉంది. అందులో కొన్నవాళ్ళు మీకు రాసిన మాటలున్నాయి. 167 మంది రాశారు. ఇన్నాళ్ళూ మనం ఒక్కటీ చూడలేదు.

ప్రతిసారీ రెండు జతలు కొనే టీచరుగారు గుర్తున్నారా? "నా పనితనమంటే ఆవిడకి ప్రాణం" అని మీరు అందరికీ చెప్పే ఆవిడే. మొదటి ఆర్డరులో ఇలా రాశారు: "నా ఎడమ కాలు ఏడు, కుడి కాలు ఆరు. ఈసారికి రెండు సైజులూ పెట్టాను. వీలైతే వాటి బదులు నా కొలతకు ఒక్క జత కుట్టి పంపండి."

మీరు రెండు జతలూ పంపారు. నాలుగుసార్లూ అంతే.

నాలుగోసారి రాసింది ఇది: "చెప్పులు బంగారంలా ఉన్నాయండీ. మీరే ఉలకరు, పలకరు. కుడికాలు పెద్దగా ఉన్నవాళ్ళెవరైనా తెలిస్తే చెప్పండి. మూడు జతలు కొత్తవి ఊరికే ఇచ్చేస్తాను."

సైటు మూయలేదు. ఆవిడకు మీరు జవాబు రాసేదాకా మూయను. నన్ను తిట్టాలనుకుంటే ఫోన్ చేయండి. కాగితం, కలం మాత్రం ఆవిడ కోసం ఉంచండి.

మీ అన్నగారమ్మాయి