ఆర్డిస్ గారు కప్పిన కోటు

హాల్‌బ్రుక్, నెబ్రాస్కా
21 ఫిబ్రవరి, 1994

ప్రియమైన నాన్నకి,

నీ జనెల్ ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను బాగున్నాను, దగ్గు తగ్గింది. అక్కడ వయోమింగ్‌లో, ఆ చమురు బావుల దగ్గర, నువ్వూ నీ తోటివాళ్ళూ చలికి గడ్డకట్టకుండా క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను.

కిందటి ఉత్తరంలో అడిగావు కదా, చేతి తొడుగులు వేసుకుంటున్నాను. కెమిస్ట్రీ ఎలాగో గట్టెక్కుతుంది. "బంతాటకి డబ్బిచ్చేవాళ్ళని పోగెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనా తల్లీ?" అన్నావు. ఉద్యోగమే నాన్నా. మా కాలేజీ బూస్టర్ క్లబ్బులో దాతలుంటేనే అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి బస్సు, బూట్లు. ఇచ్చినవాళ్ళకి మేమేం ఇస్తామంటావా? ఏటా ఒక ఎర్ర దుప్పటి, జిమ్ పక్కన కారు నిలుపుకునే చోటు, ఎన్నేళ్ళుగా ఇస్తున్నారో చూసి ఒక కుర్చీ. అసలు పట్టింపంతా కుర్చీ దగ్గరే. మొదటి వరస కోసం ఇక్కడివాళ్ళు పొలం హద్దు కోసం పోట్లాడినట్టు పోట్లాడతారు.

నా పని కృతజ్ఞత ఉత్తరాలు రాయడం. "అచ్చు ఉత్తరం చెత్తబుట్టలోకి పోతుంది, చేత్తో రాసింది ఫ్రిజ్ తలుపు మీదికి ఎక్కుతుంది" అంటారు క్లబ్బు నడిపే ట్రస్క్ గారు. నాకు మాటల పిచ్చి పట్టిందని నీకు తెలుసు. ఒక్కో ఉత్తరం నాలుగేసి సార్లు తిరగరాసేదాన్ని. "నీ ఉత్తరం చదివి మా ఆవిడ ఏడ్చిందమ్మాయ్" అని ఒకాయన ఫోన్ చేసి, మానేసిన చందా మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

పదకొండు రోజుల కిందట ఒక గొడవ జరిగింది. ఆర్డిస్ కొల్బెక్ గారని డెబ్బై నాలుగేళ్ళ రైతమ్మ, ఇరవై ఆరేళ్ళుగా మా దాత. ఆట అయ్యాక జిమ్ తలుపు దగ్గర నిలబడి, యోలాండా భుజాల మీద కొత్త ఉన్ని కోటు కప్పేశారు. యోలాండా మంచు పడని లూసియానా నుంచి వచ్చిన పిల్ల, మా జట్టుకి ప్రాణం. "వద్దంటే ఊరుకోను, వేసుకో" అన్నారట ఆవిడ.

దాతలు ఆటగాళ్ళ చేతికి ఏదీ ఇవ్వకూడదు నాన్నా, కాలేజీ క్రీడల సంఘం నియమం అది. కాఫీ కూడా ఇవ్వకూడదు. ఇస్తే ఆ పిల్ల ఆట ఆగిపోతుంది, దాతని క్లబ్బులోంచి తీసేస్తారు. మర్నాడు యోలాండా ఆ కోటుతోనే క్లాసుకి వచ్చింది. ఎవరో అడిగితే దాచకుండా చెప్పేసింది. ట్రస్క్ గారు తల పట్టుకున్నారు. "ఏటా ఈ నియమం చదివి వినిపిస్తానే! ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడు ముసలావిడకి ఏం పుట్టిందంట?" యోలాండాని ఆటలోంచి ఆపేశారు. శనివారం గెలిస్తేనే టోర్నమెంటుకి వెళ్ళేది.

నీకు చెప్పడానికి ఇంతసేపూ వెనకాడింది ఇదీ. ఆవిడకి పుట్టలేదు, నేనే పుట్టించాను. జనవరిలో ఆవిడకి రాసిన ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: "మంచులో పల్చటి చొక్కాతో వణుకుతూ సాధనకి నడిచివచ్చే మా యోలాండాకి మీ మంచితనమే వెచ్చని కోటు." రాసుకుని నేనే మురిసిపోయాను. యోలాండా వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఆమెకి మంచి కోటే ఉంది. వాక్యానికి చలి కావలసి వచ్చింది, పెట్టేశాను.

ఐదు రోజులు నోరు మెదపలేదు. ఈ ఉద్యోగం పోతే చదువు సగంలో ఆగుతుందని భయం. బుధవారం ఆర్డిస్ గారు మా ఆఫీసుకి వచ్చి తన సీటు కార్డు బల్ల మీద పెట్టారు.

"తప్పు నాదే డ్వేన్. నన్ను తీసెయ్, పిల్లని ఆడనివ్వు" అన్నారు ట్రస్క్ గారితో.

నా ఉత్తరం మాట ఎత్తలేదు. ఒక్కసారి నా వైపు చూశారు, అంతే.

"ఆవిడ కాదండీ, నేను" అన్నాను. మొత్తం చెప్పేశాను.

ఆర్డిస్ గారు సంచిలోంచి నా ఉత్తరం తీసిచ్చారు. ట్రస్క్ గారు చదివి, "బాగా రాశావు. అదే నా ఖర్మ" అన్నారు.

కోటు వెనక్కి ఇప్పించి, జరిగిందంతా రాసి, నా ఉత్తరం జతచేసి క్రీడల సంఘానికి పంపారు. శుక్రవారం ఫ్యాక్స్ వచ్చింది: యోలాండా ఆడవచ్చు, ఆర్డిస్ గారికి హెచ్చరికతో సరి. నాన్నా, నేను మెట్ల మీద కూలబడి పిచ్చిదానిలా నవ్వాను. ఆ వారంలో మొదటిసారి కడుపునిండా తిన్నాను.

యోలాండా మాత్రం వదల్లేదు. "నేను వణికానా? మీ ఊరి చలికా? ఆవిడ మొహం చూసి కాదనలేక తీసుకున్నా. ఈసారి నా గురించి రాస్తే నన్నడిగి రాయి."

"అడుగుతాను."

"ఎత్తు మాత్రం రెండంగుళాలు ఎక్కువే రాసుకో."

శనివారం నాలుగు పాయింట్ల తేడాతో గెలిచాం. నా ఉద్యోగం నిలిచింది. కానీ ఇకమీదట నా ప్రతి ఉత్తరం ట్రస్క్ గారి ఎర్ర కలం కింద నుంచే పోవాలి. "ఇది చూశావా, విన్నావా, ఊహించావా?" అని వాక్యం వాక్యానికీ అడుగుతారు.

ఇవాళ ఆర్డిస్ గారికి ఉత్తరం రాశాను. "శనివారం చివరి నిమిషంలో యోలాండా బంతి కోసం దూకి మీ కుర్చీ ముందు పడింది. మీరు లేపడానికి చెయ్యి చాపి, నియమం గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నారు. ఆమే మీ చెయ్యి అందుకుని లేచింది. నేను చూశాను." అంతే రాశాను.

ట్రస్క్ గారు రెండుసార్లు చదివారు. కలం మూత పెట్టేసి, స్టాంపు తనే అంటించారు.

ఇట్లు,
గుండె బరువు దిగిన నీ కూతురు,
జనెల్