రావాల్సిన ఒక్క ఫైలు

బుధవారం, బరంపురం

చివరి రోజు నా భార్య విమల పొద్దున్నంతా పట్టుచీరల అంచులకు ఫోటోలు తీసింది. వాటిని నేతపని చూసుకునే మా నలుగురి ఉమ్మడి ఆన్‌లైన్ ఫోల్డర్‌లోకి పంపుతుండగా గుండెనొప్పి వచ్చింది. హాస్పిటల్‌కి వెళ్లే హడావిడిలో ల్యాప్‌టాప్ నేనే మూసేశాను. ఆమె పోయి మూడు నెలలైంది.

ఫోల్డర్‌లో ఆమె పేరు పక్కన ‘ఒక ఫైలు రావాలి’ అని ఇంకా ఉంది. ఫోన్‌లో రోజూ చూస్తాను.

ఇవాళ గోపాల్‌పూర్ నుంచి మరదలు సుజాత ఫోన్ చేసింది. ఆ రాని ఫైలే, గుడి గోపురాల వరసలా ఉండే కుంభం అంచు ఫోటో; నమూనాగా అది కావాలని నేతగాళ్లు మగ్గాలు ఆపుకుని కూర్చున్నారట.

"ఏటి బావా, అక్క ల్యాప్‌టాప్ తెరిస్తే సాలు, అదే వచ్చేస్తాది. నువ్వేటీ మోసుకు రానక్కర్లేదు."

"పాస్‌వర్డ్ తెలీదు."

"నీ పుట్టినరోజే కదా. నాకే తెలుసు, నీకు తెలీదా? అబద్ధాలు సెప్పకు."

తెలుసు. కానీ ఆ ఫైలు వచ్చేస్తే ఆమె దగ్గర్నుంచి రావాల్సింది ఇంకేమీ ఉండదు. అలాగని మగ్గాలు ఆపానంటే విమల ఊరుకునేది కాదు.

రేపు పొద్దున్నే ల్యాప్‌టాప్‌కి చార్జింగ్ పెట్టి తెరుస్తాను. ఫైలు పూర్తిగా వచ్చేదాకా పక్కనే కూర్చుంటాను.