ఆరడుగుల తొట్టి, అందులో నరసింగరావు

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళిలో కాపురముంటూ, నౌపడ ఉప్పు మళ్ళలో ముప్పై ఏళ్ళు సూపర్‌వైజరుగా చేసి రిటైరైన బమ్మిడి జగన్నాధం అను నేను, అరవై ఎనిమిదో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది.

నా మతి స్థిరంగా ఉంది. డాక్టరు నా గుండె గురించి చాలా చెప్పాడు కానీ మతి గురించి ఏమీ అనలేదు. నా భార్య అన్నగారు త్రినాథ్ బావకు మాత్రం అనుమానముంది. "సేపకి ఆరడుగుల తొట్టి ఎట్టినోడికి మతేటుంటాది" అని ఊళ్ళో చెప్పుకుంటున్నాడు. ఆ తొట్టి పెట్టించింది నేను కాదు, ఆయన చెల్లెలు సుహాసిని. ఆమె పోయి పద్నాలుగు నెలలైంది కనుక ఆ ఘనత నాకు బదిలీ అయినట్టుంది.

1. నా ఆస్తి వివరం. నా స్వార్జితమైన డాబా ఇల్లు ఒకటి. దాని ముందు గదిలో ఇటుక దిమ్మె మీద ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల గాజు తొట్టి ఒకటి. అందులో సుమారు ఆరు వందల లీటర్ల నీరు. ఆ నీటిలో ఫ్లవర్‌హార్న్ జాతి చేప ఒకటి. వీటిని విడదీయడానికి వీల్లేదు. ఇల్లు కావాలన్నవారు చేపను కూడా తీసుకుని, అది బతికినన్నాళ్ళు ఈ తొట్టిలోనే పెంచాలి. చేప వద్దన్నవారికి ఇల్లు లేదు. దానికి ఇంకా అయిదారేళ్ళ ఆయుష్షు ఉంది. నాకు అంత లేదు.

2. ఈ చేప ఎవరో తెలియనివారి కోసం. ఆరేళ్ళ కిందట, కిడ్నీలు పాడయ్యాయని తేలిన నెలలోనే, సుహాసిని శ్రీకాకుళం వెళ్ళి ఒకటిన్నర అంగుళాల పిల్లలు పది కొని తెచ్చింది. రెండడుగుల తొట్టి చాలునని దుకాణదారు చెప్పాడు. "పదీ అన్నదమ్ముల్లాగ కలిసి పెరుగుతాయమ్మా" అన్నాడట. అన్నదమ్ముల్లాగే పెరిగాయి. నాలుగు నెలలకు ఒకటి మిగిలింది.

మిగిలినదానికి ఎత్తైన నుదురు, ఎర్రటి కళ్ళు, ఎవరు గది దాటినా అద్దం మీదికి దూకే స్వభావం. సుహాసిని దానికి వాళ్ళ నాన్న నరసింగరావుగారి పేరు పెట్టింది. మా మావగారిని ఎరిగినవారెవరూ తప్పు పట్టలేదు. త్రినాథ్ బావ మాత్రం "మా నాన్న పేరు సేపకెట్టీసినావేటే" అని అలిగి ఆరు నెలలు మా గడప తొక్కలేదు. ఆ ఆరు నెలల ప్రశాంతతకు నరసింగరావుకు నా కృతజ్ఞతలు.

3. తొట్టి గురించిన షరతులు. తొట్టి ఎత్తు మనం చూసుకోవడానికి. పొడవు, వెడల్పు చేప తిరగడానికి. అడుగు పొడవు పెరిగే చేప ఒంటరిగా ఉండాలన్నా నాలుగడుగుల తొట్టి కావాలి. ఇంకొకటి చేరాలంటే ఆరడుగులు, మధ్యలో అడ్డంగా ఒక అద్దం. వారానికోసారి మూడో వంతు నీళ్ళు మార్చాలి. కొత్త నీళ్ళను ముందురోజే పట్టి ఉంచాలి.

సుహాసిని వారానికి మూడుసార్లు టెక్కలి వెళ్ళి డయాలసిస్ చేయించుకునేది. ఆదివారం ఈ తొట్టి నీళ్ళు మార్చేది. బకెట్టు ఎత్తలేని రోజులు వచ్చాక చెంబుతో మార్చేది. నేను ఆ పక్కనే పేపరు చదువుకుంటూ "ఒక్క చేపకి ఎన్ని నీళ్ళు పోస్తావే" అన్నాను. ఉద్యోగమంతా నీళ్ళు కొలిచి జీతం తీసుకున్నవాణ్ణి. బీఎస్సీ చదివినవాణ్ణి.

4. ఎవరితో పడుతుంది, ఎవరితో పడదు. గోల్డ్‌ఫిష్ దీనికి తోడు కాదు, భోజనం. గప్పీలు ఫలహారం. ఏంజెల్ చేప దీని కుటుంబానిదే, కానీ ఈ కుటుంబంలో చుట్టరికం పెట్టుకుంటే రెక్కలు మిగలవు. ఒళ్ళంతా గట్టి పెంకు ఉండి, ఎవరి జోలికీ పోకుండా, ఫిల్టరు పైపు వెనక నక్కి ఉండే పెద్ద సక్కర్ ఫిష్ ఒక్కటే దీనితో నెగ్గుకొస్తుంది. కొన్ని కాపురాలు ఆ పద్ధతిలోనే నడుస్తాయి.

అలాంటి సక్కర్ ఫిష్ మాకూ ఒకటి ఉండేది. సుహాసిని ఆఖరిసారి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను నీళ్ళు మార్చలేదు. అది చచ్చిపోయింది. ఇంటికొచ్చి ఏదని అడిగితే, పైపు వెనక ఉందని చెప్పాను. ఆమె రోజూ సాయంత్రం దాని కోసం ఒక దోసకాయ ముక్క పైపు దగ్గర వేయించేది. పొద్దున్నే ఆమె లేవకముందు నేను ఆ ముక్క తీసేసేవాణ్ణి. పందొమ్మిది రోజులు ఇలా జరిగింది. ఇరవయ్యో రోజు, పోయే ముందురోజు, నా వైపు చూడకుండా "అన్నేసి దోసకాయ ముక్కలు తినీకండి, కడుపు నొప్పొస్తాది" అంది. ఆమెకు మొదటినుంచీ తెలుసు. ఈ విషయం వీలునామాలో అవసరమా అని రిజిస్ట్రారుగారు అడిగితే, అవసరమే.

5. త్రినాథ్ బావకు. చెల్లెలి పదకొండో రోజున, "పాపం, ఒక్కటీ అయిపోనాది" అంటూ ఈయన ఒక ఆడ ఫ్లవర్‌హార్న్‌ను కవరులో తెచ్చి, నన్ను అడక్కుండా తొట్టిలో వదిలాడు. భోజనాలు పూర్తయ్యేసరికి దాని పని కూడా పూర్తయింది. అప్పటికే నాకూ పలాసలో ఒక సంబంధం చూసి ఉంచాడు. "ఒక్కడివీ ఎలాగుంటావు బావా" అన్నాడు. తొట్టిలో ఫలితం చూశాక ఆ ప్రస్తావన మళ్ళీ తేలేదు. నరసింగరావుకు నా రెండో కృతజ్ఞతలు.

తర్వాత ఆ చేప అరిష్టమనీ, శివరాత్రి తర్వాత శ్రీముఖలింగం చక్రతీర్థ స్నానానికి వెళ్ళినప్పుడు వంశధారలో వదిలేస్తే పుణ్యమనీ అన్నాడు. ఇది ఏ కాలువ చేపో, ఏ గొరక పిల్లో కాదు. పరాయి దేశపు చేపల నుంచి మనుషులు పుట్టించిన కలగూర జాతి. ఏటిలో పడి నిలదొక్కుకుంటే, అక్కడి పిల్ల చేపలు దీని నోట్లోకే. వంశధారలో ఉన్నవి మనకేం అపకారం చేశాయి? కనుక ఈ చేపను ఏటిలో గానీ, చెరువులో గానీ, కాలువలో గానీ వదలడానికి వీల్లేదు. పుణ్యం కావాలన్నవారు వేరే మార్గం చూసుకోవాలి. త్రినాథ్ బావకు నేను రాసి ఇస్తున్నది: మొదటి రెండడుగుల తొట్టి. ఖాళీది. అందులో తనకు నచ్చిన తోడును పెట్టుకోవచ్చు.

6. నా కుమారుడు ఉమాశంకర్‌కు. టెక్కలి కరెంటాఫీసులో ఉద్యోగం, అద్దె వాటా. ఇల్లు అమ్మేద్దామనీ, చేపను తాను తీసుకెళ్తాననీ చెప్పి, ముందుగానే ఒక గుండ్రటి గాజు గిన్నె కొన్నాడు. పట్టేది ఇరవై లీటర్లు. అందులో నరసింగరావు తిరగాలంటే మధ్యకు వంగాలి. "అదింకెన్నాళ్ళు బతుకుతాది నాన్నా" అని కూడా అడిగాడు. చేప గురించే అడిగాడని అనుకుంటున్నాను.

అతనికి నా మోటారు సైకిలు, ఉప్పునీటి చిక్కదనం కొలిచే నా హైడ్రోమీటరు. అతనికి తొమ్మిదేళ్ళప్పుడు, దీనికి ముందుదాన్ని విరగ్గొట్టాడని బెల్టుతో కొట్టాను. విరగ్గొట్టింది నేనని ఆ సాయంత్రమే గుర్తొచ్చింది. ఇన్నాళ్ళు చెప్పలేదు.

7. నా కోడలు రాజకుమారికి. భావనపాడు తీరాన సముద్రం మీద వేటకు వెళ్ళే ఇంటి పిల్ల. ఉమాశంకర్ ఈమెను రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకున్నందుకు తొమ్మిదేళ్ళు ఈ పిల్లను ఈ ఇంట అడుగుపెట్టనివ్వలేదు. వ్యవసాయదారుల కుటుంబం అని నాకో గొప్ప. ఆ వ్యవసాయం మా తాతతోనే పోయింది.

డయాలసిస్ రోజుల్లో సుహాసినిని వార్డు గుమ్మం దాకా దింపి నేను బయట టీకొట్టు దగ్గర కూర్చునేవాణ్ణి. లోపల నాలుగు గంటలూ ఆమె చేయి పట్టుకుని కూర్చున్నది రాజకుమారి. నేను వచ్చే వేళకు వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయేది. నాలుగేళ్ళు. ఇది నర్సు ద్వారా తెలిసింది, సుహాసిని పోయిన తర్వాత. మా ఇద్దరికీ మధ్య అద్దం పెట్టి, రెండు వైపులా బతకనిచ్చింది నా భార్య.

పన్నెండో రోజున రాజకుమారి వచ్చింది. ఆ చచ్చిన ఆడచేపను తీసి పెరట్లో పాతిపెట్టింది. తొట్టి నీళ్ళు మార్చింది. కొంగున కట్టి తెచ్చిన చిన్న రొయ్యల్ని వలిచి వేసింది. "తొట్టి పెద్దదే గానీ మావయ్యా, సోటివ్వడమే దీనికి సేతకాదు" అంది. కూర్చోమని నేను అనలేదు. వెళ్ళిపోయింది.

మొదటి క్లాజులో చెప్పిన ఇల్లు, తొట్టి, చేప, ఇవి మూడూ సర్వహక్కులతో రాజకుమారికి. ఉమాశంకర్ ఆమె భర్త హోదాలో ఉండవచ్చు. సుహాసిని చేపల నోటుబుక్కు కూడా ఆమెదే.

8. అమలు చేయవలసినవారికి. నా స్నేహితుడు సనపల గణపతిరావు ఈ వీలునామా అమలు చూస్తాడు. అతనికి ఒక సూచన. ఆ నోటుబుక్కు ఆఖరి పేజీలో సుహాసిని ఇలా రాసింది: పాత చేప ఉన్న తొట్టిలోకి కొత్తదాన్ని తెచ్చే ముందు లోపలి రాళ్ళన్నీ తీసి వేరే చోట పెట్టాలి. రాళ్ళు ఎక్కడివక్కడే ఉంటే అంతా తనదేనని పాతది మీద పడుతుంది. చోటు మారిపోతే అదీ కొత్తగా వచ్చినట్టే నెమ్మదిస్తుంది.

కనుక రాజకుమారి ఈ ఇంట్లోకి వచ్చేలోగా ముందు గదిలోంచి నా పడక కుర్చీ తీసేయాలి, మంచం వేరే గోడకు వేయాలి, కొక్కేనికి నా చొక్కాలు ఉండకూడదు అని రాయబోయాను. ఇందులో నేను పోయేదాకా ఆగవలసినదేమీ కనబడలేదు. ఈ ఉదయం కుర్చీ పెరట్లో వేశాను. మంచానికి పక్కింటి చినబాబు సాయం పట్టాడు. రాజకుమారికి ఫోను చేసి, ఆదివారం నుంచి ఇక్కడే ఉండమని చెప్పాను. చేపకి రొయ్యలు తేవాలా అని అడిగింది. తెమ్మన్నాను.

దీనికి ముందు నేను రాసినవేవీ చెల్లవు, నోటితో అన్నవి కూడా.

కోటబొమ్మాళి, 6 నవంబరు 2025, గురువారం.

(సంతకం) బమ్మిడి జగన్నాధం

సాక్షులు:
1. చింతాడ చినబాబు, పక్కింటి కాపురస్తుడు
2. దువ్వారపు ఎల్లాజీ, రిటైర్డు పోస్టుమాస్టరు