అర కిలోమీటరు పొయ్యి

ఇందుమూలంగా సకల జనులకూ, ముఖ్యంగా నా వెనక మాట్లాడుకునేవాళ్లకూ ప్రకటించేది ఏమనగా: నేను టీలో రెండు చెంచాల చక్కెరే వేసుకుంటాను, మూడో చెంచా పుకారు. నా చెప్పులు గుమ్మానికి ఎడమవైపే విడుస్తాను. కుడివైపు కనిపించే అరిగిన జత టైలరు బాబాయిది. నా షాపు గోడ గడియారం ఏడు నిమిషాలు ముందు నడుస్తుంది, దాన్ని సరిచేసే హక్కు నా వారసుల్లో ఎవరికీ లేదు. ఈ ముఖ్యమైన సంగతులు తేలాయి గనక ఇక చిన్న విషయానికి, అంటే ఆస్తికి, వస్తాను.

నా వయసు యాభై నాలుగు. చదువు ఎనిమిదో తరగతి, అదీ లెక్కల పరీక్ష దాకానే. వృత్తి, కాలిపోయిన మోటార్లకు మళ్లీ రాగితీగ చుట్టడం. పెళ్లి చేసుకోలేదు, అందుకు విచారించాల్సిన మగవాళ్లు విచారించారు. నన్ను అందరూ మోటారక్క అంటారు. నా బుద్ధి నిక్షేపంగా ఉందని కంపౌండరు ఈ ఉదయం బీపీ చూసి కాగితం రాసిచ్చాడు. "బుద్ధికి మిషను లేదక్కా, బీపీని బట్టి రాస్తున్నా" అన్నాడు. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలిగిన మనిషి ఉంటే వచ్చి కనబడమనండి, చూడాలని ఉంది.

నాకే రోగమూ లేదు. ఈ వీలునామా ఎందుకంటే, నిన్న మనం గెలిచాం!

సంగతి ఇది. ఊరి చివర, నా షాపు వెనకున్న చేలల్లో డేటా సెంటర్ కడతామని ఒక కంపెనీ వచ్చింది. తెలియనివాళ్లకు చెప్తాను, అది కంప్యూటర్లను కట్టేసే కొట్టం. అవి వేడెక్కుతాయి, చల్లబరచడానికి వేల ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతాయి, బోర్ల నీళ్లు ట్యాంకులకు ట్యాంకులు తాగుతాయి. రావొద్దని నేనెప్పుడూ అనలేదు. కాలవ అవతల రాళ్ల బీడులో, మనిషి చెవి లేనిచోట కట్టుకోమన్నాను. ఏది ఎక్కడ కట్టాలో తేల్చడానికి మన ఊరి కమిటీ నియమాలు రాసింది. ఏ ఇంటికైనా అర కిలోమీటరు లోపల డేటా సెంటర్ రాకూడదు అన్నదాకా అందరికీ సమ్మతమే. ఇల్లంటే ఏమిటి అన్నదగ్గరే మూడు వారాలు కొట్టుకున్నాం. ఇంటి నంబరున్నదే ఇల్లన్నాడు కంపెనీ లాయరు. చేల మధ్య గదులకు నంబర్లెక్కడివి, షాపు వెనక నేనుండే గదికే లేదు. లేచి, "పొయ్యి వెలిగేదే ఇల్లు" అన్నాను. కమిటీలో ఉన్న బడి మాస్టారు అదే మాట రాసేశాడు. లాయరేం తక్కువ తిన్నాడు, "వరసగా ముప్ఫై రోజులు పొయ్యి వెలక్కపోతే అది ఇల్లు కాదు" అని చివర తోక తగిలించాడు.

నిన్న ఐదు ఓట్లలో మూడు పడి నియమం నెగ్గింది. మెట్లు దిగుతుంటే ఆ లాయరు పక్కకొచ్చి నవ్వుతూ, "మ్యాపు చూశానమ్మా. ఆ చేలను ఆపుతున్న పొయ్యి మీదొక్కటే. మీ వయసెంత?" అన్నాడు.

దానికి జవాబు ఈ కాగితం. దీన్ని అమలు జరిపే బాధ్యత టైలరు బాబాయిది. కొలతలు తప్పుతాడు గానీ మాట తప్పడు.

ఒకటి. నా స్వార్జితమైన షాపులోని చుట్టే మిషను, తీగ మందం కొలిచే గేజి, రాగితీగ చుట్టలన్నీ కరెంటాఫీసులో పనిచేసే మా మేనకోడలికి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. మోటారు మోగుతుంటే ఏ బేరింగు పోయిందో అది గుమ్మంలోంచే చెప్పేస్తుంది. ఆ చెవి నాదే. అది రాసివ్వకుండానే ముందే తీసేసుకుంది.

రెండు. కమిటీ ప్రెసిడెంటు గారికి బేరింగు పోయిన ఎగ్జాస్ట్ ఫ్యాను ఒకటి. వారికి ఇది పరిచయమే. మొదటి మీటింగులో నన్ను, "డెసిబెల్స్ గురించి నీకేం తెలుసమ్మా, కూచో" అన్నారు. కూచున్నాను. రెండో మీటింగుకు ఆ ఫ్యాను హాలు కిటికీ బయట బిగించి, స్విచ్చి వేసొచ్చి, ముందు వరసలో చేతులు కట్టుకుని మరీ కూచున్నాను. ముప్పావుగంటకు వారు బల్ల గుద్ది, "ఎవడ్రా అది, ఆ గోల ఆపండి, బుర్ర పగిలిపోతోంది!" అన్నారు. "ఒక్క ఫ్యానేనండీ, అక్కడికొచ్చేవి కొన్ని వేలు" అన్నాను. అయినా ఓటు కంపెనీకే వేశారు. మిల్లు యజమాని వారి వెనకే చెయ్యెత్తాడు, అతనికి ఏమీ రాయడం లేదు, ఆ సంగతి అతనికి చదివి వినిపించాలి.

మూడు. మాస్టారికి, నేను కమిటీకి పెట్టిన అర్జీ అసలు ప్రతి. దానిలో ఎర్రసిరాతో నలభై మూడు తప్పులు దిద్దాడు. నా మాట మాత్రం ఒక్కటీ మార్చలేదు. నా జన్మలో నా మాటలకు ఎవరూ అంత మర్యాద చెయ్యలేదు.

నాలుగు. నా వయసు అడిగిన లాయరుకు, నేను బతికున్నన్నాళ్లూ ప్రతి ఏడూ నా బీపీ కాగితం నకలు పోస్టులో వెళ్తుంది. మొదటిది ఇవాళే వెళ్లింది.

ఐదు. మా మరదలికి స్టీలు డబ్బాలు పదకొండు, మూతలతో సహా. అవి దానివే. తమ్ముడికీ నాకూ మాటల్లేని నాలుగు నెలలూ అది పిలవకుండా, పలకరించకుండా నా కిటికీలో కూర డబ్బా పెట్టి పోయేది. ఒకసారి ఎదురుపడితే, "మీరిద్దరూ ఏమన్నా చావండి, నాకు ఎక్కువ వండే అలవాటు, అంతే" అంది. డబ్బాలు తిరిగివ్వకపోవడం నా దొంగతనం కాదు. ఖాళీ అయితే నింపుతుందేమోనని ఆశ.

ఆరు. నా తమ్ముడికి, నేనుండే గదీ, ఇనప పొయ్యీ.

వాడి ఆరెకరాలు ఆ చేలల్లోనే ఉన్నాయి. రెండు బోర్లు ఎండాయి, మూడోది దగ్గుతోంది. అమ్ముకుంటానన్నాడు, అందులో తప్పేముంది. నేనే నోరు పారేసుకున్నాను. కమిటీలో ఐదో ఓటు వాడిది. భూమి ఉన్నవాడు ఓటెలా వేస్తాడని లాయరు అడగలేదు, ఆ ఓటు తన జేబులోదే అనుకున్నాడు. నిన్న మాస్టారూ టైలరు బాబాయీ ఇటు, ప్రెసిడెంటూ మిల్లు యజమానీ అటు అయ్యాక, హాలంతా మావాడి వైపు చూసింది. వాడు బల్ల వైపు చూశాడు. నేను సంచిలోంచి పొయ్యి తీసి ఆ బల్ల మీదే పెట్టాను. "నువ్వు మూడేళ్లవాడివిరా. నాన్న పోయాక ఈ గదిలో అమ్మ మనిద్దరికీ దీని మీదే వండింది. చెప్పు, ఆ గది ఇల్లా, కాదా?" వాడు పొయ్యి అంచును వేలితో రుద్దాడు. ఆ మసి వేలితోనే చెయ్యెత్తాడు. బయటికొచ్చాక నాలుగు నెలల తర్వాత మొదటి మాటగా, "టీ పెట్టవే అక్కా" అన్నాడు. పెట్టాను. రెండో గ్లాసు అడిగి తాగాడు!

నా అనంతరం ఈ పొయ్యి వెలిగితే వాడి చేను చేనుగానే ఉంటుంది. ముప్ఫై రోజులు వెలగకపోతే కంపెనీ మర్నాడే వస్తుంది. ఇది తెలిసే టైలరు బాబాయి, "వాడికి రాయకే పిచ్చిదానా, నాకు రాయి, రోజూ నేనొచ్చి వెలిగిస్తా" అని బతిమాలాడు. కాదన్నాను. నష్టం ఎవరిదో అగ్గిపెట్టె వాళ్ల చేతిలోనే ఉండాలి. ఇక్కడ ఒక షరతు రాసి కొట్టేశాను. షరతు లేదు.

ఏడు. ఈ క్లాజు తమ్ముడికి ఒక్కడికే, వాడు టీ తాగాక చదవాలి.

ఒరేయ్, నిన్న నీ ఓటు నీ దగ్గర్నుంచి దొంగిలించాను, ఆ పని ఫ్యాను బిగించడంలా నవ్వొచ్చేది కాదు. బతికుండగా చెప్పే ధైర్యం లేక ఇక్కడ చెబుతున్నాను. గది అమ్మదే. నాన్న పోవడం, నీకు మూడేళ్లు, మనం అక్కడ తలదాచుకోవడం, అన్నీ నిజం. పొయ్యి మాత్రం శుద్ధ అబద్ధం. మీటింగుకు తొమ్మిది రోజుల ముందు పాతసామాన్ల అతని దగ్గర తెచ్చాను. నీ వేలికంటిన మసి నేను కాల్చిన మోటారు వార్నిషుది. తెలిసింది గనక ఇప్పుడు వెలిగించినా ఆర్పినా నీ ఇష్టం, ఏదైనా ఆ పని నీది అవుతుంది. అమ్మ నిజంగా దేనిమీద వండేదో నాకూ గుర్తులేదురా. తొమ్మిదేళ్ల పిల్ల ఆకలి నాది, గిన్నెలోకే చూసేదాన్ని.

రెండువేల ఇరవై ఆరు, మార్చి పంతొమ్మిది, గురువారం.

(సంతకం) మోటారక్క

సాక్షులు:
కంపౌండరు (బీపీ చూసినవాడు)
పోస్టుమాను (ఆరో క్లాజు దాకా చదివాడు, ఏడో దాని మీద నా చెయ్యి అడ్డం పెట్టాను)