నేను రాసిన ఆ ఒక్క వాక్యం

నాన్నా,

ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. ఇరవయ్యో తేదీలోగా తేలాల్సిన సంగతి ఒకటుంది, అది నువ్వు తప్ప ఎవరూ చెప్పలేరు. అమ్మా నేనూ కులాసా. నువ్వూ, నీకిది చదివి వినిపిస్తున్న మేస్త్రి బాబాయీ అలాగే ఉన్నారనుకుంటాను. బాబాయ్, మధ్యలో ఆపకు. తిట్టేదుంటే చివర్లో తిట్టు.

అమ్మ మోకాలి గురించి అడిగావు. నొప్పి తగ్గింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం వాటిని నేనే కట్టినట్టు నన్ను తిడుతుంది. గ్రంథాలయంలో ఉద్యోగం ఎలా ఉందన్నావు. ఉద్యోగం బాగానే ఉంది. నేనే బాగాలేను.

ఇంటర్నెట్లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వం గురించి చెప్పాను కదా. నేనూ, నా పక్క బల్ల దగ్గర కూర్చునే లాయరుగారి అమ్మాయీ దానికి వ్యాసాలు రాస్తాం. అందులో ప్రతి విషయానికీ అచ్చయిన ఆధారం చూపాలి. మన శాసనసభ్యుడి మీద ఆమె రాసిన వ్యాసాన్ని మేలైన వ్యాసంగా ఎంపిక చేయబోతున్నారు. మా పెద్దసారు అందరి ముందూ, "రాస్తే ఇలా రాయాలి, చూసి నేర్చుకోండి" అన్నారు. అంటూ నావైపే చూశారు. వాళ్ళింట్లో గోడ నిండా పుస్తకాలట. మనింట్లోకి వచ్చిన మొదటి పుస్తకం నా వాచకం. కడుపు మండిపోయింది నాన్నా.

మా బడి కట్టేటప్పుడు శాసనసభ్యుడు కూలీలతో కలిసి ఇటుకలు మోశారని ఆ వ్యాసంలో ఉంది. దానికి ఆధారం పోయినేడు ఒక పత్రికలో వచ్చిన వార్త. ఆ వార్త ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మూడేళ్ళ కిందట, పేరు పెట్టకుండా, ఏ ఆధారమూ లేకుండా ఆ వాక్యం విజ్ఞాన సర్వస్వంలోని మా బడి పేజీలో రాసింది నేనే. నువ్వు చెప్పిందే రాశాను. విలేకరి దాన్ని ఎత్తి రాశాడు. ఆమె ఆ పత్రికనే సాక్ష్యంగా పెట్టింది.

ఇంతవరకూ దాచింది ఇప్పుడు చెబుతున్నాను. సోమవారం నేనే ఫిర్యాదు చేశాను, పత్రిక మా విజ్ఞాన సర్వస్వం నుంచే కాపీ కొట్టిందని. మొదట రాసింది నేనని మాత్రం చెప్పలేదు. ఎంపిక ఆగిపోయింది, ఇరవయ్యో తేదీలోగా సరైన ఆధారం చూపాలన్నారు. ఆ పూట నాకు అన్నం ఎంత రుచిగా ఉందో!

మర్నాడు ఆమె నా బల్ల దగ్గరికొచ్చింది.

"భలే పట్టావే! నాకు తట్టనే లేదు. అసలు రాసిన మహానుభావులెవరో!"

నేను తలెత్తకుండా కాగితాలు సర్దుతూ కూర్చున్నాను.

"ఆ బడి కట్టిన వాళ్ళలో మీ నాన్నగారూ ఉన్నారు కదా, ఓసారి అడగవూ? అబద్ధమైతే తీసేద్దాం. నిజమైతే ఆనాటి పేపర్లు వెతుకుదాం."

వెతుకుదాం అంది, నన్ను కూడా కలుపుకుని. మంచితనంలో కూడా నాకంటే ముందే ఉండాలా?

అందుకే అడుగుతున్నాను. ఆయన ఇటుకలు మోయడం నువ్వు కళ్ళారా చూశావా? లేక బడికి పోనని మారాం చేస్తుంటే నన్ను పంపడానికి అల్లిన కథా? కథైనా నాకు కోపం లేదు. ఆ కథ వినే చదువుకున్నాను. నిజమైతే ఏ సంవత్సరమో, ఏ నెలో చెప్పు.

నువ్వు ఏది చెప్పినా ఆమె వ్యాసమే బాగుపడుతుంది, పెద్దసారు మళ్ళీ ఆమెనే మెచ్చుకుంటారు. నాకు మళ్ళీ మండుతుంది. అయినా ఆ వాక్యం నాదని రేపు ఆమెకు చెప్పేస్తాను. నువ్వూ ఉన్నదున్నట్టు చెప్పు. పద్దెనిమిదో తేదీకల్లా నీ జవాబు నాకు చేరాలి.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి