ఫోన్ల రూతు

శనివారం, కోదాడ

పెచ్చులూడిన ఆ బార్ల ఇయ్యాల మా రాక్ బ్యాండ్ ప్రోగ్రాం అయింది. మా పాటలన్నీ పాడేది రూతే. కానీ బారాయన, "ఆడపిల్ల వద్దు తమ్ముడూ, తాగినోళ్లని నేను ఆపలేను" అన్నడు. ఆమె బదులు గిటారు వాయించే నవీనే పాడిండు. నేను రూతుకు ఫోన్ కలిపి, నా డ్రమ్స్ పక్కన కుర్చీల పెట్టిన. తాగెటోళ్లు ఒక్కరు గూడ మా దిక్కు సూడలే. నేను మాత్రం ఆ కుర్చీ దిక్కే సూస్కుంట వాయించిన.

అయిపోయినంక ఫోన్ ఎత్తితే రూతు అడిగింది: "ఇంట్ల తలుపేసుకొని నేను గూడ మీతోనే పాడిన. ఇనపడ్డదా?"

"మంచిగ ఇనపడ్డది" అన్న.

నా సప్పుడుల ఒక్క ముక్క ఇనపడలే. గంత గట్టిగ ఎందుకు కొట్టిన్నో...