ఆమెన్ తరవాత దిగిపోయేవాళ్లు

మార్చి 4, సోమవారం

ప్రభువుకు స్తోత్రం. తమాలే వెళ్లే కొత్త పెద్ద బస్సు తాళాలు బిరాగో చేతికొచ్చాయి. మా కుమాసి బస్టాండులో దూరపు బస్సు స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి. ఏళ్లపాటు మాంపాంగ్ రోడ్డు మీద వ్యాను తోలింది. టెస్టులో మగాళ్లందరినీ దాటేసింది. బైబిల్లో సైన్యాన్ని నడిపించిన దెబోరా మళ్లీ లేచిందని స్టాండంతా మోగేలా అరిచాను. గొంతు పోయింది. వేడినీళ్లు తాగుతూ రాస్తున్నాను.

ఏ బస్సయినా కదిలే ముందు ఎక్కి ప్రార్థన చేసేది నేనే. ప్రార్థన పడని బస్సు మావాళ్లు ఎక్కరు. చర్చి లేదు, బైబిలు కాలేజీ చదువు లేదు, అయినా నన్ను ఒసోఫో అంటారు, పాస్టరని. బుధవారం ఆమె మొదటి ట్రిప్పు. అగ్ని రథాన్ని సాగనంపినట్టు సాగనంపాలి.

మార్చి 5

పుకారు పుట్టింది.

ఆ రూటులో పాత డ్రైవరు బరీమా. కొత్త బస్సు తనకే అనుకున్నాడు. టీ బడ్డీ దగ్గర అన్నాడట: టెస్టు ఎక్కడ జరిగిందో మాకు తెలీదా, తెల్లారుజామున ఆమె స్టేషన్ మాస్టరు కార్లోంచి దిగడం కళ్లారా చూశాం అని. మధ్యాహ్నానికి అది కెంకే ముద్దలు అమ్మేవాళ్ల నోట నానింది. సాయంత్రానికి మా ఆవిడ చెవిలో పడింది.

దిగిన మాట నిజమే. దిగింది డ్రైవరు సీట్లోంచి. మా స్టాండు నడిపే ఆ స్టేషన్ మాస్టరు మలేరియాతో గడగడ వణుకుతుంటే ఆసుపత్రికి తోలుకెళ్లి తెచ్చింది. ఏ తలుపులోంచి దిగిందో మాత్రం ఎవడూ చెప్పడు. కొండెగాడి నోటికి కట్టెలు అందించేవాడు ఎప్పుడూ ఉంటాడు. నిప్పు ఊరికే మండదు.

మార్చి 6, పొద్దున

ఎంత ఘోరం. బస్సు నిండింది. నీడలు ఎప్పట్లాగే ముందొచ్చి కూర్చున్నారు. ఖాళీ బస్సు ఎవరూ ఎక్కరు కనక, ప్రయాణికుల్లా సంచులు పట్టుకుని కూర్చునేవాళ్లను మేం నీడలంటాం. నిజం మనిషి రాగానే ఒక నీడ దిగిపోతుంది. అది పాత అలవాటు, ఎవరూ తప్పనుకోరు.

నేను కళ్లు గట్టిగా మూసుకుని, ఏలీయా కొండ మీద పిలిచినట్టు దేవుణ్ణి పిలిచాను. ఆమెన్ అని తెరిచేసరికి సగం బస్సు లేదు.

ఎవరో లేచి, అలాంటిదాని చేతికింద ప్రార్థన పారదు, నేను దిగిపోతున్నా అన్నారట. ఒకరిని చూసి ఒకరు దిగారు. మిగిలినవాళ్లను కూడా బరీమా తన బస్సులోకి పిలుచుకున్నాడు, ఆమె బస్సు కదల్లేదు. స్టేషన్ మాస్టరు తన పేరు పోతుందని హడలిపోయి తేల్చేశాడు: శుక్రవారం కూడా బస్సు నిండకపోతే తాళాలు బరీమాకే అని. ఈయన అచ్చం ప్రభువును సిలువకు అప్పగించిన పిలాతు. చేతులు కడుక్కోవడానికి పళ్లెమొక్కటే తక్కువ.

సాయంత్రం

బిరాగో దగ్గరికి పరుగెత్తాను. శుక్రవారం నీ పేరు పెట్టి ప్రసంగిస్తాను, నాబోతు మీద అబద్ధసాక్షులను నిలబెట్టి ద్రాక్షతోట కాజేసిన కథ మొత్తం విప్పుతాను అన్నాను.

ఆమె అద్దం తుడుస్తూనే ఉంది. వద్దు ఒసోఫో, మీరు నా పేరెత్తితే రేపట్నుంచి మీ పేరు కూడా నా పక్కన చేరుస్తారు, టైర్ల కోసం ప్రార్థించండి చాలు అంది. మళ్లీ పిలిచి, ఈసారి కళ్లు తెరుచుకుని చెయ్యండి, ముందు లేచేదెవరో చూడండి అంది.

మార్చి 7

నా పేరు అప్పుడే చేర్చారు. మా ఆవిడ అడోమా విని, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోవడం రాదు, ఈయనకు రెండో సంసారమొకటా అని నవ్వి, ఇంకో ముద్ద ఫుఫు పెట్టింది.

మార్చి 8, కింటాంపో, తిండికి ఆపినప్పుడు

అక్షరాలు కుదురుగా రావడం లేదు. రాయకుండా ఉండలేను.

మెలకువగా ఉండి ప్రార్థించమన్నాడు ప్రభువు. ఇన్నేళ్లూ రెండోదే చేశాను. ఇవాళ కళ్లు తెరుచుకుని మొదలుపెట్టాను. ఇంజనయింది, బ్రేకులయ్యాయి. టైర్ల దగ్గరికి వచ్చేసరికి వెనక వరుసలో ఫీఫీ లేచాడు. ఇది మైలపడ్డ బండి, నేను దిగిపోతా అని మొదలెట్టాడు.

ఫీఫీ నీడ. రోజూ చూసే మొహం.

ప్రార్థన ఆపకుండానే అన్నాను: ప్రభువా, ఈ ఫీఫీని కనికరించు, ఏళ్ల తరబడి రోజూ తమాలే బయల్దేరుతున్నాడు, ఇంతవరకు చేరలేదు, అరణ్యంలో నలభై ఏళ్లు తిరిగిన ఇశ్రాయేలీయులు కూడా ఒకనాటికి చేరారు.

బస్సంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. ఒళ్లో కోడిగుడ్ల అట్టలు పెట్టుకున్న పెద్దమ్మ ఒకావిడ ఫీఫీ సంచి లాగి విప్పింది. లోపల పాత దిండు. ఇది తమాలేలో అమ్ముకుంటావా నాయనా అంది. లేవబోయిన ఇంకో ఇద్దరు గబుక్కున కూర్చున్నారు. ఎవరు లేవమన్నారురా అని ఆవిడే అడిగితే ఫీఫీ కిటికీలోంచి బరీమా వైపు చూశాడు. బరీమా వంగి తన బస్సు టైరు పరీక్షించుకుంటున్నాడు.

గెలిచామనుకుని ఆమెన్ అన్నాను. దిగబోయాను. పెద్దమ్మ వదలలేదు. అది సరే ఒసోఫో, నువ్వూ రోజూ ఆమెన్ అనగానే దిగిపోతావు కదా, ఆమె చేతి మీద నీకంత నమ్మకముంటే కూర్చో, చూద్దాం అంది.

అందరూ నన్నే చూశారు. పై అద్దంలోంచి బిరాగో కూడా. ఈ చేత్తో ఎన్ని బస్సులు దీవించానో, ఒక్కదాంట్లోనూ పోలేదు. కదిలే బండిలో నాకు కడుపులో తిప్పుతుంది. పేతురు పడవ దిగాక భయపడ్డాడు, నేను బండి ఎక్కకముందే.

ఫీఫీ దిగిపోయిన సీట్లో కూర్చున్నాను. కింద నిలబడ్డవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. ఒక్క సీటు మిగల్లేదు. స్టేషన్ మాస్టరు గేటు దాకా వచ్చి, తాళాల మాట ఇంకెత్తను, పోనివ్వమ్మా అన్నాడు. ఆమె గేరు వేసింది.

అడోమాకు ఫోన్ చేసి తమాలే పోతున్నానన్నాను. సరే, పుకారు పూర్తయింది, వచ్చేటప్పుడు యాం దుంపలు తీసుకురండి అంది.

హారన్ కొడుతోంది.

మార్చి 9

తమాలే నిజంగానే ఉంది.

తిరుగు బస్సు నిండుతోంది, నీడలు లేకుండానే. ఆ డ్రైవరమ్మ బండిలో ఒక్క గుడ్డు కూడా పగల్లేదట అని ఇక్కడ చెప్పుకుంటున్నారు. రెండు పగిలాయి, నా మోచేయి తగిలి. ఖండించలేదు.